చెరసాలలో పుట్టిన నవల: ఉన్నవ లక్ష్మీనారాయణ జీవితం

1862వ సంవత్సరంలో రష్యా చక్రవర్తి ప్రభుత్వం చెర్నిషెవ్‌స్కీ అనే విద్వాంసుణ్ణి సెంట్ పీటర్స్‌బర్గు కోటలో నిర్బంధించింది. ఆ చెరలోనే ఆయన ‘ఏం చెయ్యాలి?’ అనే నవల రచించాడు. సెన్సారు అధికారుల ఏమరుపాటువల్ల 1863లో అది అచ్చయింది, పిమ్మట నిషిద్ధమైంది, రచయిత సైబీరియా ప్రవాసం అనుభవించాడు. విద్యావంతుడు చెరపాలు కావడం, చెరలో నవల పుట్టడం, ఆ నవలకు తిరిగి చెర సంభవించడం రష్యాకే పరిమితమైన గాథ కాదు. ఆరు దశాబ్దాల అనంతరం ఆంధ్రదేశంలోనూ ఇది జరిగింది. ఆ గాథకు నాయకుడు ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు.

పంతులుగారు 1877 డిసెంబరు 4వ తేదీన గుంటూరు జిల్లా వేములూరుపాడులో జన్మించారు. వీరేశలింగంగారి సంస్కరణోద్యమం ఆయన హృదయాన్ని యౌవనంలోనే ఆకర్షించింది. సతీమణి లక్ష్మీబాయమ్మగారి తోడ్పాటుతో గుంటూరులో వితంతు శరణాలయాన్ని నెలకొల్పి, సంఘం ఆగ్రహానికి జంకక వితంతు వివాహాలు జరిపించారు. 1913లో ఐర్లండు వెళ్లి డబ్లినులో న్యాయశాస్త్రం అభ్యసించారు. పరాయిపాలనపై ఆ చిన్న దేశం సాగిస్తున్న పోరాటం ఆయన మనస్సులో గాఢంగా నాటుకొంది. బారిస్టరై తిరిగివచ్చిన తరువాత, 1917లో సంభవించిన రష్యా విప్లవ వార్తలు ఆయనను మరింత ఆలోచింపజేశాయి.

సహాయనిరాకరణోద్యమం రాగానే పంతులుగారు న్యాయవాదవృత్తిని విడిచిపెట్టారు. పల్నాడులో రైతులు అడవిలో పశువులను మేపుకొన్నందుకు ప్రభుత్వం పుల్లరి వసూలు చేస్తుండేది. ఆ బాధలను స్వయంగా విచారింపబూని 1921లో అక్కడికి వెళ్లిన పంతులుగారిని అధికారులు నిర్బంధించి శిక్షించారు. రాయవేలూరు చెరసాలలో ఆయన చేపట్టిన రచనయే ‘మాలపల్లి’.

ఆ నవలలో రామదాసు అనే హరిజన వృద్ధుడు ప్రధానపాత్ర. కూలివారి పక్షం వహించిన అతని కుమారుడు సంగదాసు భూస్వామి దెబ్బకు మరణిస్తాడు. మరొక కుమారుడు వెంకటదాసు చట్టానికి వెలియై, ధనికులను దోచి పేదలకు పంచుతాడు. రాజులు, జమీందారులు, పండితులు నాయకులుగా వెలసిన నవలాలోకంలో మాలవాడకు ప్రథమస్థానం దక్కింది. గ్రామీణుల నోటి భాషకు గౌరవం దక్కింది. కథ గుంటూరు సీమది. అయితే ఏటికి ఈవలనున్న దివిసీమ, గుడివాడ ప్రాంతాల పాలేర్ల బ్రతుకులు కూడా అందులో కానవస్తాయి. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టి ‘ఆంధ్రపత్రిక’ను స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఈ గ్రంథానికి పీఠిక వ్రాశారు.

1922లో నవల వెలువడింది. మద్రాసు ప్రభుత్వం అందులో బోల్షివిక్ భావాలను శంకించి అనతికాలంలోనే నిషేధించింది. తుపాకి పట్టని బారిస్టరు వ్రాసిన కథకు సామ్రాజ్యం బెదిరింది! 1928లో కొన్ని మార్పులతో నిషేధం తొలగింది. 1936లో తిరిగి విధింపబడింది. 1937లో రాజాజీ మంత్రివర్గం ఏర్పడిన పిమ్మట తొలగిపోయింది. ఈ ఒడుదుడుకుల నడుమ పంతులుగారు తమ కృషిని మానలేదు. స్త్రీవిద్యకై 1922లో గుంటూరులో స్థాపించిన శారదానికేతనాన్ని దంపతులిద్దరూ కన్నబిడ్డవలె పోషించారు.

1958 సెప్టెంబరు 25వ తేదీన పంతులుగారు కీర్తిశేషులైనారు. మరుసటి నెలలో రష్యా రచయిత పాస్టర్‌నాక్‌కు నోబెలు బహుమానం ప్రకటింపబడింది. విప్లవకాలంలో నలిగిన ఒక వైద్యుని, కవిని నాయకునిగా చేసి ఆయన రచించిన ‘డాక్టర్ జివాగో’ను సోవియట్ ప్రభుత్వం స్వదేశంలో అచ్చు కానీయలేదు. 1957లో అది ఇటలీలో వెలువడింది. ఒత్తిడికి తాళలేక రచయిత బహుమానాన్ని నిరాకరించవలసివచ్చింది. ఆ నవల రష్యాలో అచ్చయ్యేసరికి 1988వ సంవత్సరం వచ్చింది. రచయిత గతించి అప్పటికి 28 సంవత్సరాలు.

పేదల రాజ్యమని పంతులుగారి తరంవారు ఆశతో చూచిన దేశమే, చక్రవర్తుల పద్ధతిలో గ్రంథాలను బంధించింది. ప్రభుత్వం ఏ పేరు ధరించినా, రచయితపట్ల దాని నడవడి చూచి దాని స్వభావాన్ని గుర్తించవచ్చును. ‘మాలపల్లి’ని బోధించే ఉపాధ్యాయుడు సంగదాసు కథతోపాటు ఆ గ్రంథం అనుభవించిన శిక్షను కూడ చెప్పినప్పుడే విద్యార్థికి పాఠం పూర్తి అవుతుంది.