జీవకణ శక్తి రహస్యవేత్త యల్లాప్రగడ సుబ్బారావు

చచ్చిన కప్ప కాలికి లోహపు తీగలు తాకగానే అది ప్రాణమున్నదానివలె ఎగిరిపడుతుందని ఇటలీ దేశీయుడైన గాల్వానీ 1791లో లోకానికి వెల్లడించాడు. విద్యుత్తు కండరాన్ని కదిలిస్తుందన్న సంగతి నాటి నుండి ప్రసిద్ధమే. కాని ఆ కదలికకు కణం లోపల ఖర్చయ్యే పదార్థమేది? శతాబ్దానికి పైగా తేలని ఈ ప్రశ్నకు సమాధానం కనుగొన్నవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని పదమూడవ ఏట ఇల్లు విడిచిన బాలుణ్ణి తల్లి వెనుకకు రప్పించి చదువులో నిలిపింది. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించడం ఆంగ్లేయుడైన శస్త్రవైద్య ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి మారుగా ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టమే చేతికి వచ్చింది. అంతలో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఇద్దరు సోదరులను కొద్ది రోజుల వ్యవధిలో కబళించింది. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపిందనడంలో అతిశయోక్తి లేదు.

మామగారి ధనసహాయంతో 1922 అక్టోబరులో ఆయన బోస్టన్ నగరం చేరారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే కొలువు. ఇంటి వద్ద భార్య శేషగిరికి కుమారుడు కలిగి, తండ్రి ముఖం చూడకుండానే పసితనంలో కన్నుమూశాడు.

హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. ద్రావణంలో నీలిరంగు ఎంత చిక్కగా తేలితే భాస్వరం అంత ఎక్కువని లెక్క. కండర రసాన్ని ఇలా పరీక్షించినప్పుడు ఒక చిత్రం కనబడింది. రంగు వెంటనే తేలక, నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. మరొకరైతే కొలతలోని దోషమని వదలివేసేవారేమో! ఏదో పదార్థంలో బంధితమై ఉన్న భాస్వరం క్రమంగా విడివడుతున్నదని వీరు గ్రహించారు. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో ఉత్తేజపరచగా ఆ పదార్థం తరిగిపోయింది; విశ్రాంతి ఇవ్వగా తిరిగి పెరిగింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ విషయం వెలుగు చూసింది. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి సిద్ధాంతం, అప్పటికే 1922 నోబెల్ బహుమతి పొందిన ఘనుల సిద్ధాంతం, దీనితో కదలబారింది.

1929లో వీరు అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుచేశారు. దానినే సంక్షిప్తంగా ఏ.టి.పి. అంటాము. జర్మనీలో లోహ్మన్ అదే సంవత్సరం స్వతంత్రంగా దానిని కనుగొని, కొద్దిగా ముందే ప్రకటించాడు. ఈ పదార్థపు ప్రాముఖ్యం సుబ్బారావు మరణానంతరం మరింత తేటపడింది. కణపు పొరకు ఇరువైపులా ఉండే విద్యుద్భేదం వోల్టులో పదో వంతు కూడా ఉండదు. కాని పొర అతి పలుచన గనుక, అక్కడి విద్యుత్ క్షేత్రం సెంటీమీటరుకు సుమారు లక్ష వోల్టుల స్థాయిలో ఉంటుంది! ఆ భేదానికి మూలమైన సోడియం, పొటాషియం అసమానతను నిలిపే పంపు ఏ.టి.పి.ని ఖర్చు చేస్తుందని 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్కౌ చూపాడు. మైటోకాండ్రియా పొరపై నెలకొనే ప్రోటానుల ఒత్తిడి, విద్యుద్భేదమే ఏ.టి.పి. తయారీకి ఆధారమని 1961లో మిచెల్ ప్రతిపాదించాడు. విద్యుత్తును నిలిపేదీ, విద్యుత్తు వలన పుట్టేదీ ఆ ఒక్క పదార్థమే.

హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనకు సారథ్యం వహించారు. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరోధులుగా రూపొందిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ క్యాన్సరు చికిత్సలో కొత్త దారి తెరచాయి. తెలంగాణ పల్లెల్లో బోదకాలు నివారణకై ఇంటింటా పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆ ప్రయోగశాల వరమే.

1948 ఆగస్టులో న్యూయార్కులో నిదురలోనే ఆయన గుండె ఆగిపోయింది. అప్పటికి వయస్సు 53 ఏళ్లు. దేశం విడిచిన పిమ్మట ఆయన భార్యను మరల చూడలేదు. అమెరికా పౌరుడూ కాలేదు.