పాత గణితాన్ని ఆకాశంతో సరిచూచిన పఠాణి సామంత

ఇచ్ఛాపురం: పూరీ జగన్నాథ రథయాత్ర ఏటా ఆషాఢ శుద్ధ విదియనాడే జరుగుతుంది. తిథి మారదు, తేదీ మాత్రం నిలువదు. 2016లో జూలై 6న, 2017లో జూన్ 25న, 2018లో జూలై 14న రథం కదిలింది. సరిహద్దు దాటి ఏటా పూరీకి తరలివెళ్లే సిక్కోలు భక్తులకు ఇది అనుభవమే. ఈ తిథుల లెక్కను ఆకాశంతో సరిచూడటానికే జీవితాన్ని ధారపోసిన విద్వాంసుడు చంద్రశేఖర సామంత. ఒడిశా ప్రజలు ఆయనను పఠాణి సామంతగా స్మరిస్తారు.

రాజవంశంలో పుట్టినా..

నేటి నయాగఢ్ జిల్లాలోని ఖండపడా సంస్థాన రాజవంశంలో 1835 డిసెంబరు 13న సామంత జన్మించారు. అంతకుముందు సంతానాన్ని కోల్పోయిన తల్లిదండ్రులు, బిడ్డ దక్కాలని ఆనాటి ఆచారం ప్రకారం ఒక ముస్లిం ఫకీరుకు ఇచ్చి తిరిగి తెచ్చుకున్నారు. పఠాణి అనే ముద్దుపేరు అలా వచ్చింది. పేరుకు రాజబంధువే అయినా ఆయన జీవితం పేదరికంలోనే గడిచింది. ఆంగ్ల విద్య ఎరుగరు. ఇంటివద్దనే సంస్కృతం, జ్యోతిషం అభ్యసించారు.

లెక్కకు చిక్కని చంద్రుడు

పదిహేనేళ్ల ప్రాయంలో గ్రహగణితం నేర్చిన సామంతకు ఒక విషయం స్పష్టమైంది. గ్రంథాలు చెప్పిన చోట గ్రహాలు కనిపించడం లేదు. శాస్త్రాన్ని శంకించాలా, కంటిని శంకించాలా అన్న ప్రశ్నకు ఆయన ఏళ్ల తరబడి రాత్రులు మేల్కొని సమాధానం వెదికారు. దూరదర్శిని లేదు. వెదురు, కర్రలతో పరికరాలను స్వయంగా తయారుచేసుకున్నారు. వాటిలో రెండు పుల్లలను అడ్డంగా అమర్చిన మానయంత్రం ముఖ్యమైనది. దానితోనే నక్షత్రాల నడుమ కోణాలను, కొండల ఎత్తును కొలిచారు.

సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుని నడక సమంగా ఉండదు. పాత గణితం పూర్ణిమ, అమావాస్యలకు చాలావరకు సరిపోయినా అష్టమి పరిసరాలలో తిథి కొన్ని గంటలు తప్పేది. వ్రతాలు, పర్వాలు తిథినే ఆశ్రయించినందున, గంటల తేడాకే పండుగ మరునాటికి మారిపోవచ్చు. సామంత తన పరిశీలనల ఆధారంగా చంద్రగతికి తుంగాంతరం, పాక్షికం, దిగంశం అనే మూడు సంస్కారాలు ప్రతిపాదించారు. ఈ మూడు తేడాలనూ పాశ్చాత్యులు అప్పటికే గుర్తించారు. ఆ సంగతి తెలియకుండానే ఆయన వాటిని స్వయంగా కనుగొన్నారు.

తాళపత్రాల నుంచి అచ్చుకు

తన కృషినంతటినీ సిద్ధాంత దర్పణమనే సంస్కృత గ్రంథంగా 1869 నాటికి పూర్తిచేశారు. 2,500 శ్లోకాలు గల ఈ గ్రంథం ముప్పై ఏళ్లు తాళపత్రాలలోనే ఉండిపోయింది. కటక్ కళాశాల అధ్యాపకుడు జోగేశ్ చంద్ర రాయ్ చొరవతో 1899లో కలకత్తాలో ముద్రితమైంది. ఆంగ్ల శాస్త్ర పత్రిక నేచర్ దానిని సమీక్షించి, సామంతను డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహీతో పోల్చింది. అంతకుముందే 1893లో ప్రభుత్వం మహామహోపాధ్యాయ బిరుదునిచ్చింది. పూరీ ఆలయ కైంకర్యాలకు ఆయన గణితమే ప్రమాణమైంది. 1904 జూన్ 11న ఆ పూరీలోనే ఆయన తుదిశ్వాస విడిచారు.

19 ఏళ్లకు కలిసే లెక్క

పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే. సౌరవర్షానికి దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే పండుగ ఏటా ముందుకు జరుగుతుంది, అధికమాసం వచ్చినప్పుడు వెనక్కు వస్తుంది. 19 ఏళ్లలో ఏడు అధికమాసాలు కలిపి 235 చాంద్రమాసాలు పూర్తవుతాయి. అప్పుడు తిథి, తేదీ మళ్లీ ఇంచుమించు కలుస్తాయి. తేడా సుమారు రెండు గంటలే. అధిక ఆషాఢం వచ్చిన ఏడు పూరీలో జరిగే నవకళేబరోత్సవం 1977, 1996, 2015 సంవత్సరాలలో రావడం ఇందుకు నిదర్శనం.

సామంత పుట్టిన రోజున తెలుగువారి లెక్కలో మార్గశిర బహుళ అష్టమి. పూర్ణిమతో మాసం ముగించే ఒడిశా లెక్కలో అదే పుష్య కృష్ణ అష్టమి. మాసం పేరు వేరైనా తిథి ఒక్కటే, ఆకాశంలోని చంద్రుడూ ఒక్కడే. పంచాంగకర్తల నడుమ పండుగ తేదీలపై వివాదం రేగినప్పుడల్లా, వెదురు పుల్లలతో ఆ చంద్రునే సాక్షిగా నిలిపిన ఖండపడా పండితుడు గుర్తుకు రాక మానరు. భువనేశ్వర్‌లోని నక్షత్రశాల నేడు ఆయన పేరనే వెలసి ఉంది.