వాద్యశిల్పి అడాల్ఫ్ సాక్స్

1806లో సైనిక స్థావరముగా వెలసిన సికింద్రాబాదు వీధులలో పెండ్లి ఊరేగింపు సాగునప్పుడు, బ్యాండు మేళము నడుమ వంపు తిరిగిన ఇత్తడి వాద్యమొకటి గంభీరముగా పలుకుట పలువురు వినియే యుందురు. అదియే సాక్సోఫోను. ఆ పేరులో దాని నిర్మాత పేరు ఇమిడియున్నదని ఎరిగినవారు కొలదిమంది. నేడు ఇంటర్నెట్టు వేలములలో పాత సాక్సోఫోనులు అమ్మకమునకు వచ్చుచున్నవి. వాద్యముపై సాక్స్ పేరు చెక్కియున్నంత మాత్రమున అది ఆయన చేసినదని నమ్మరాదు. నిజానిజములు తేల్చుటకు ఆయన జీవితచరిత్రయే మంచి గీటురాయి.

అడాల్ఫ్ సాక్స్ 1814 నవంబరు 6వ తేదీన నేటి బెల్జియము దేశమందలి డినాన్ పట్టణమున జన్మించెను. తండ్రి షార్ల్ జోసెఫ్ పేరుగాంచిన వాద్యనిర్మాత. బాలుడు తండ్రి కర్మశాలలో పనిముట్లు పట్టనేర్చెను. బ్రస్సెల్సు సంగీత కళాశాలలో ఫ్లూటు, క్లారినెట్టు అభ్యసించెను. చేయువాడు, వాయించువాడు తానే యగుటచే వాద్యములలోని లోపములు ఆయనకు ఇట్టే తోచెడివి. 1838లో బాస్ క్లారినెట్టును సంస్కరించి పేటెంటు పొందెను.

1842లో ఆయన పారిస్ నగరము చేరెను. ఇత్తడి వాద్యముల బిగ్గరతనము, కొయ్య వాద్యముల మార్దవము ఒకే వాద్యమున కలుపవలెనని ఆయన సంకల్పము. క్లారినెట్టునకు వలె ఒకే రీడు అమర్చి, పోనుపోను వెడల్పగు ఇత్తడి గొట్టముతో సాక్సోఫోనును రూపొందించెను. సంగీతకర్త బెర్లియోజ్ ఆ యేడే దానిని పత్రికలో ప్రశంసించెను. 1845 ఏప్రిల్ 22న షాన్ ద మార్స్ మైదానమున జరిగిన బహిరంగ పోటీలో సాక్స్ బృందము పాతపద్ధతి బృందమును ఓడించెను. సైన్యము ఆయన వాద్యములను స్వీకరించెను. 1846లో సాక్సోఫోనునకు పేటెంటు లభించెను.

విజయము వెంట వైరము వచ్చెను. తోడి వాద్యనిర్మాతలు ఏకమై, ఆ పేటెంటులు చెల్లవని న్యాయస్థానముల కెక్కిరి. సాక్స్ చేసిన వాద్యములపై ఆయన గుర్తును చెరిపి, విదేశీయుల పేర్లు చెక్కించి, అవి పూర్వమే ఉన్నవని చూపజూచిరని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. వ్యాజ్యములలో ధనము హరించుకుపోయెను. 1852, 1873, 1877 సంవత్సరములలో మూడుమారులు దివాలా తీసెను. తాను ప్రేమతో కూర్చుకొన్న వాద్యసంగ్రహము సైతము 1877లో వేలమునకు పోయెను. నడుమ పెదవిపై వ్రణము ఏండ్ల తరబడి బాధించినను, 1857 నుండి 1870 వరకు పారిస్ సంగీత కళాశాలలో సైనికులకు సాక్సోఫోను నేర్పెను. 1894 ఫిబ్రవరిలో పారిస్ నగరముననే మరణించెను.

ఈ జీవితఘట్టములే పరీక్షకు ఆధారములు. పేటెంటు గడువు 1866లో తీరినంతనే ఇతరులును సాక్సోఫోనులు చేయసాగిరి. కావున ఆకారము పాతదైనంతనే అది సాక్స్ కృతి కానేరదు. 1867 పారిస్ ప్రదర్శనలోని మహాబహుమానము ప్రస్తావన చెక్కియున్న వాద్యము అంతకు పూర్వపుది కాజాలదు. ఆయన మరణానంతరము కుమారుడు అడాల్ఫ్ ఎడ్వార్డ్ కర్మశాల నడపెను. 1929లో అది సెల్మర్ సంస్థ వశమాయెను. ఆ తరువాతను సాక్స్ పేరు వాద్యములపై నిలిచియున్నది. సాక్స్ స్వయముగా చేసిన వాద్యములలో స్వరమును పై స్థాయికి చేర్చు మీటలు రెండు. వాటిని బొటనవ్రేలితో వేర్వేరుగా నొక్కవలెను. ఒకే మీటతో ఆ పని జరుగు ఏర్పాటు తరువాతి తరముది. కనుక పేరు, వరుస సంఖ్య, చిరునామా, మీటల అమరిక అన్నియు ఒకే కాలమును చెప్పవలెను. ఒక్కటి పొసగకున్నను సందేహింపవలెను.

తన పేరు తన పనిమీదనే నిలువవలెనని సాక్స్ జీవితమంతయు పోరాడెను. పాత వాద్యమును కొనువాడు తొందరపడక నిజము విచారించుట ఆ శిల్పికి చేయదగిన న్యాయము.