జీతం లేని పని: కొమర్రాజు లక్ష్మణరావు



హనుమకొండలోని రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పేరు మీరు వినే ఉంటారు. 1904లో మొదలైన ఆ గ్రంథాలయం వెనుక ఉన్న ప్రేరణ కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారిది.

ఆయన 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. కొంతకాలం భువనగిరిలో, తర్వాత నాగపూర్‌లో అక్క భండారు అచ్చమాంబ ఇంట్లో ఉండి చదువుకున్నారు. ఎం.ఏ. పూర్తిచేసి మునగాల సంస్థానంలో దివాన్ అయ్యారు. పెద్ద ఉద్యోగం, మంచి గౌరవం. అంతటితో సరిపెట్టుకున్నా ఆయనను ఎవరూ తప్పుపట్టేవారు కారు.

కానీ ఆనాటి నిజాం రాజ్యంలో ఆఫీసుల్లో, కోర్టుల్లో, పెద్ద చదువుల్లో ఉర్దూదే పైచేయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు తెలుగు పుస్తకం దొరకడమే కష్టం. ప్రభుత్వం ఏదో చేస్తుందని లక్ష్మణరావు గారు ఎదురుచూడలేదు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు వంటి మిత్రులతో కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ప్రారంభించారు. మొదట్లో అది నడిచింది రావిచెట్టు వారి ఇంట్లోనే. మూడేళ్లకు ఆ ఒరవడి హనుమకొండకు చేరింది.

1906లో విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా చరిత్ర, సైన్స్ పుస్తకాలను తెలుగులో తేవడం మొదలుపెట్టారు. తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. మూడు సంపుటాలు వచ్చాక, 1923 జూలై 12న, 46 ఏళ్లకే కన్నుమూశారు. ఆ మహా కార్యం మధ్యలోనే ఆగింది. గ్రంథాలయాలు మాత్రం ఆగలేదు. ఎందుకంటే అవి ఒక్కరి భుజాల మీద నిలిచినవి కావు. చందా ఇచ్చినవారు, చోటిచ్చినవారు, సమయమిచ్చినవారు కలిసి వాటిని మోశారు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూడండి. మన పిల్లలు ఇంగ్లిష్ గడగడా చదువుతారు. బస్సు మీది తెలుగు బోర్డు దగ్గర తడబడేవారూ ఉన్నారు. ఫీజు కట్టి ఎన్నో నేర్పించగలం. ఊరి కోసం ఒక గంట ఇవ్వడం మాత్రం మనల్ని చూసే నేర్చుకుంటారు.

ఈ నెలలో ఒక ఆదివారం మీ పాపనో బాబునో వెంటబెట్టుకుని దగ్గరలోని గ్రంథాలయానికి వెళ్లండి. పాత గైడ్లు ఇచ్చి రావడం కాదు, అక్కడ ఏ పనికి మనిషి కావాలో అడగండి. పుస్తకాలు సర్దడమో, చిరిగిన అట్టలు అతికించడమో, చిన్నపిల్లలకు ఒక కథ చదివి వినిపించడమో, ఏదైనా సరే. దివాన్ గారికి తీరిక దొరికింది. మనకూ దొరుకుతుంది.