సుశ్రుతాచార్యుడు – ఘృష్టవ్రణ విచారము

శల్యతంత్రమునకు పరమప్రమాణమైన ఆచార్యుడు సుశ్రుతుడు. ఆయన కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. అయినను జీవితరేఖలు కొన్ని గ్రంథస్థములై యున్నవి. మహాభారతమందలి ఆనుశాసనిక పర్వము ఆయనను విశ్వామిత్రపుత్రులలో లెక్కించినది. సంహితలో సద్యోవ్రణములను బోధించు చికిత్సాస్థాన ద్వితీయాధ్యాయారంభమునను ఆయన విశ్వామిత్రసుతుడుగానే పేర్కొనబడినాడు.

వ్యాధిపీడితులైన జనులను చూచి చలించి, ఔపధేనవ, వైతరణ, ఔరభ్రాదులు సుశ్రుతునితో కూడి కాశీరాజైన దివోదాస ధన్వంతరిని ఆశ్రయించిరి. అందఱి పక్షమున ప్రశ్నించు భారము సుశ్రుతునిపై పడినది. అచటి విద్య శ్రవణమాత్రముతో ముగియదు. ఛేదనమును గుమ్మడి, సొర మొదలగు కాయలపైనను, లేఖనమును రోమములతో కూడిన చర్మమును చాచి దానిపైనను అభ్యసింపవలెను.

ఆగంతు వ్రణములను ఆకృతినిబట్టి ఛిన్న, భిన్న, విద్ధ, క్షత, పిచ్చిత, ఘృష్టములని ఆయన ఆఱుగా విభజించెను. ఒరపిడిచే చర్మము లేచిపోయి, మంటతో రసి కారునది ఘృష్టము. వాడుకలో దీనినే దోక్కుపోవుట యందుము. కడపట చెప్పబడినది గనుక ఇది అల్పమని కొందఱి తలంపు. అది యుక్తము కాదు. ఈ ఆఱును ఆకృతిభేదములే గాని తీవ్రతాక్రమము కావు.

తీవ్రతను నిర్ణయించునది వ్రణాశ్రయము. త్వక్కు, మాంసము, సిర, స్నాయువు, అస్థి, సంధి, కోష్ఠము, మర్మము అని ఆశ్రయము లెనిమిది. త్వక్కును మాత్రమే భేదించిన వ్రణము సుఖసాధ్యము. ఆ త్వక్కునందును అవభాసిని మొదలు మాంసధర వఱకు ఏడు పొరలు గలవు. వడ్లగింజలో పదునెనిమిదవ పాలు మొదలుకొని రెండు గింజల మందము వఱకు వాని ప్రమాణములు చెప్పబడినవి. పైపొర మాత్రమే పోయిన గాయము మచ్చలేక మానునని, లోపొరను తాకినది మచ్చ నిలుపునని నేటి వైద్యులు చెప్పు విభాగమునకు ఇది సన్నిహితము.

ఘృష్టమున రక్తము స్వల్పముగా స్రవించును. సామాన్యులు దీనినే క్షేమలక్షణముగా భావింతురు. సుశ్రుతుని మతము దీనికి విపరీతము. రక్తము వెడలకపోవుటచేతనే దాహపాకములు జనించును గాన శీతలేపనమును, శీతపరిషేకమును ఆయన విధించెను. కారణకల్పన యెట్లున్నను, నెత్తురు తక్కువైనంత మాత్రమున అపాయము తక్కువ కాదన్న హెచ్చరిక నేటికిని సత్యమే. మట్టి, ఇసుక నాటుకొనిన గాయము చీము పట్టవచ్చును. ధనుర్వాతమునకును ద్వారము కావచ్చును.

అబ్బాసీయుల కాలమున సంహిత అరబ్బీలోనికి వెళ్లినది. 1890లో కూచా ప్రాంతమున లభించిన బోవర్ వ్రాతప్రతియందు సుశ్రుతనామము కనబడినది. ఇంత దూరము వెళ్లిన యీ విచారము ములకలపల్లి వంటి అటవీగ్రామములకును చేరవలెను. ఱాళ్లపై జారి దోక్కుపోయిన మోకాలిపై మన్నో బూడిదయో అద్దుట తగదు. శుభ్రజలముతో కడిగి, లోతును పరీక్షించి, అవసరమైనచో ధనుర్వాతపు టీకా వేయించుటయే కర్తవ్యము. అల్పవ్రణమును సయితము ఉపేక్షింపక అధ్యాయమున చేర్చిన ఆచార్యునకు అదియే తగిన గురుదక్షిణ.