తండ్రి మాట మరవని కెప్టెన్

1948 జూలై 29. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఒలింపిక్స్ ప్రారంభోత్సవం జరుగుతోంది. స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది కూడా నిండని భారతదేశం మొదటిసారి తన మువ్వన్నెల జెండాతో ఒలింపిక్స్ మైదానంలోకి అడుగుపెట్టింది. ఆ జెండా చేతబట్టి అందరికన్నా ముందు నడిచినవాడు ఢిల్లీవాడు కాదు, బొంబాయివాడు కాదు. నాగా కొండల్లోని ఒక గ్రామంలో పుట్టిన పాస్టర్‌గారి అబ్బాయి. పేరు తాలిమెరెన్ ఆవో. ఆ ఒలింపిక్స్‌లో ఆడిన మన ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే కెప్టెన్. అప్పటికి ఆయన ఇంకా వైద్య విద్యార్థి.

ఫుట్‌బాల్ అభిమానులు ఆయన్ని టి. ఆవో అని పిలుచుకుంటారు. ఆయన ఆట గురించి ఈనాటికీ చెప్పుకుంటారు. అయితే ఆ ఆట వెనుక ఒక దైవసేవకుని చివరి కోరిక ఉంది. ఆ కోరికే ఆయన జీవితాన్ని నడిపించింది.

తాలిమెరెన్ 1918 జనవరి 28న చాంగ్‌కి గ్రామంలో జన్మించాడు. నేటి నాగాలాండ్‌లోని మొకోక్‌చుంగ్ జిల్లాలో ఉందా ఊరు. ఆ కొండల్లోకి సువార్త చేరి అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు. గోధుల అనే అస్సామీ సువార్తికుడు ముందు వెళ్లగా, ఆ వెనుక అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఇ.డబ్ల్యూ. క్లార్క్ వెళ్లారు. 1872లో తొలి ఆవో విశ్వాసులు బాప్తిస్మం పొందారు. 1894లో ఇంపూర్ అనే చోట మిషన్ కేంద్రం వెలిసింది. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో జూవెట్, క్లౌ దొరలను పంపిన అమెరికన్ బాప్టిస్టు సంఘాలే అక్కడికీ మిషనరీలను పంపాయి. ఆ విధంగా చూస్తే తెలుగు బాప్టిస్టులకు, నాగా బాప్టిస్టులకు దూరపు చుట్టరికం ఉంది.

తాలిమెరెన్ తండ్రి రెవరెండ్ సుబొంగ్‌వతి ఇంపూర్ మిషన్ ప్రాంగణంలోని సంఘానికి కాపరి. పన్నెండు మంది పిల్లలున్న ఆ ఇంట్లో తాలిమెరెన్ నాలుగోవాడు. పాస్టర్‌గారి ఇల్లంటే ప్రార్థనకు లోటుండదు గానీ డబ్బుకు ఎప్పుడూ కటకటే. ఆ ఇంటి పిల్లవాడికి ఇంపూర్ మిషన్ స్కూలు మైదానమే ఆటలో మొదటి బడి. తర్వాత అస్సాంలోని జోర్హాట్‌లో ఉన్న మిషన్ హైస్కూలులో చదువు సాగింది. బంతి అతని కాలికి అతుక్కుపోయేదని చూసినవాళ్లు చెప్పుకునేవారు.

1935లో ఆ ఇంటిపై పిడుగు పడింది. సుబొంగ్‌వతిగారు టైఫాయిడ్‌తో మంచం పట్టారు. ఈ రోజు మాత్రలతో తగ్గిపోయే ఆ జ్వరానికి ఆనాడు సరైన మందే లేదు. కొండ గ్రామాల్లో వైద్యుడి ముఖం చూడడమే గగనం. చావుకు దగ్గరైన ఆ కాపరి తన కొడుకును డాక్టర్ కావాలని, అయ్యాక తన సొంత ప్రజలకే సేవ చేయాలని కోరి కన్నుమూశాడు. అప్పటికి తాలిమెరెన్‌కు పదిహేడేళ్లు. ఎందరో సంఘ సభ్యులను తన చేతులతో సమాధి చేసిన కాపరి కోరిక అది. అందులో సొంత ఇంటి మేలుకన్నా మంద మీద ఉన్న ప్రేమే ఎక్కువగా కనిపిస్తుంది.

కోరడం తేలిక. తీర్చడం కష్టం. తండ్రి లేని పెద్ద కుటుంబం నుంచి ఒక నాగా కుర్రాడు డాక్టర్ కావాలంటే ఆ రోజుల్లో ఏళ్ల తరబడి ఇల్లు విడిచి దూరదేశం పోయినట్టే పోవాలి. తాలిమెరెన్ గౌహతిలోని కాటన్ కాలేజీలో చేరాడు. అక్కడ ఫుట్‌బాల్‌లోనే కాదు, అథ్లెటిక్స్‌లోనూ పేరు తెచ్చుకున్నాడు. మహారాణా క్లబ్ తరఫున ఆడాడు. 1942లో కలకత్తాలోని కార్మైకేల్ మెడికల్ కాలేజీలో సీటు దొరికింది. ఇప్పుడు ఆర్.జి. కర్ మెడికల్ కాలేజీ అని పిలుస్తున్నది దాన్నే.

కలకత్తా అంటే భారత ఫుట్‌బాల్‌కు రాజధాని. ఆ మరుసటి ఏడాది, 1943లో, ప్రఖ్యాత మోహన్ బగాన్ క్లబ్ ఆయన్ని తీసుకుంది. తర్వాత కెప్టెన్‌ను కూడా చేసింది. ఆ సంవత్సరాలు ఎలాంటివో గుర్తు చేసుకోండి. 1943లో బెంగాల్‌ను కరువు కబళించింది. 1944లో ఆయన సొంత కొండల్లోని కొహిమా, బ్రిటిష్ సేనలకు జపాన్ సేనలకు మధ్య యుద్ధభూమి అయింది. 1946 ఆగస్టులో కలకత్తా వీధులు మతకలహాలతో రక్తసిక్తమయ్యాయి. ఇంటి క్షేమ సమాచారం కూడా సరిగా తెలియని ఆ రోజుల్లో ఆ యువకుడు ఒక చేత్తో పుస్తకం వదలలేదు. కాలితో బంతీ వదలలేదు.

ఆయన ఆటలో మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఒకటుంది. ఆవో మొదట్లో ముందు వరుసలో గోల్స్ కొట్టే ఆటగాడు. మంచి పొడగరి కావడంతో తర్వాత ఆయన స్థానం వెనక్కి మారింది. ప్రత్యర్థుల దాడిని ఆపి, బంతిని తన వాళ్లకు అందించే హాఫ్ బ్యాక్‌గా ఆడవలసి వచ్చింది. గోల్ కొట్టినవాడి పేరు మర్నాడు పేపర్లో వస్తుంది. గోల్ పడకుండా ఆపినవాడి పేరు ఎవరూ రాయరు. అయినా ఆయన ఆ స్థానంలో ఒదిగిపోయాడు. దాంట్లోనే దేశంలో మేటి అనిపించుకున్నాడు.

సంఘంలో మనకు ఇలాంటి మనస్సు ఎంత అవసరం! నిన్నటిదాకా పాటలు నడిపించినవాణ్ణి ఈ రోజు కుర్చీలు సర్దమంటే అలుగుతాం. కార్యదర్శి పదవి పోతే ఆదివారం గుడికి రావడమే మానేస్తాం. శరీరంలో అవయవాలన్నీ ఒకే పని చేయవని, పాదం చేతితో పోటీపడకూడదని పౌలు మొదటి కొరింథీయులు 12వ అధ్యాయంలో వివరించాడు. స్థానం మారినా సేవ మారనివాడే ప్రభువు జట్టులో నిలిచే ఆటగాడు.

ఇక ఒలింపిక్స్ సంగతి. 1948 జూలై 31న లండన్ శివార్లలోని ఇల్‌ఫర్డ్‌లో భారత జట్టు ఫ్రాన్స్‌తో తలపడింది. పదకొండు మందిలో ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. కొందరు పాదాలకు కట్లు కట్టుకుని దిగారు. ఇంగ్లండ్ జనానికి అది వింత. బూట్లు ఎందుకు వేసుకోలేదని విలేఖరులు అడిగితే, మేము కాళ్లతో ఆడే ఆట ఆడతాం, మీరు ఆడేది బూట్ల ఆట అన్న భావంతో ఆవో సరదాగా బదులిచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో పొగరు లేదు, జంకూ లేదు.

సౌలు రాజు తన కవచం తొడిగితే, అది తనకు అలవాటు లేదని దావీదు విప్పేసిన సంగతి గుర్తుకొస్తుంది. చేతిలో ఉన్న వడిసెల మీద నమ్మకం, దానికన్నా ఎక్కువగా దేవుని మీద నమ్మకం ఆ గొర్రెల కాపరివి. పక్కవాణ్ణి చూసి తనను తాను తక్కువ చేసుకోకపోవడమే ఆత్మవిశ్వాసం. అయితే అది మొండితనం కాకూడదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడాక, బూట్లు తప్పనిసరి చేశారు. తనపై నమ్మకం ఉన్నవాడు కొత్తది నేర్చుకోవడానికీ సిగ్గుపడడు.

ఫ్రాన్స్‌తో ఆట ఎలా ముగిసింది? 30వ నిమిషంలో ఫ్రాన్స్ గోల్ చేసింది. 70వ నిమిషంలో సారంగపాణి రామన్ ఆ గోల్‌ను సమం చేశాడు. ఇంకొక్క నిమిషంలో ఆట ముగుస్తుందనగా ఫ్రాన్స్ రెండో గోల్ కొట్టింది. భారత్ 1-2తో ఓడింది. అంతకన్నా బాధాకరమైన విషయం, మనవాళ్లకు రెండు పెనాల్టీ కిక్‌లు దొరికి రెండూ వృథా అయ్యాయి. ఆగస్టు 12న మన హాకీ జట్టు బంగారు పతకం గెలిచి దేశాన్ని ఆనందంలో ముంచెత్తింది. ఫుట్‌బాల్ జట్టు మాత్రం ఒక్క ఆటతోనే వెనుదిరిగింది. ప్రారంభోత్సవంలో జెండా మోసిన కెప్టెన్‌కు అది ఎంత చేదు మాత్ర! కానీ ఆ ఆట చూసిన ప్రేక్షకులు ఓడిన జట్టును అభినందించారు. గెలుపు మన చేతుల్లో లేకపోవచ్చు. ఎలా ఆడామన్నది మన చేతుల్లోనే ఉంది.

ఆ పర్యటనలో ఆవో ఆట చూసి, ఇంగ్లండ్‌లోనే పేరుగాంచిన ఆర్సెనల్ క్లబ్ ఏడాది పాటు తమ దగ్గర ఆడమని ఆహ్వానించిందని చెబుతారు. ఏ ఆటగాడికైనా అది కల. ముప్పై ఏళ్ల వయసు, చేతికందిన అవకాశం. ఆయన ఒప్పుకోలేదు. కలకత్తాలో సగంలో ఉన్న వైద్యవిద్య, దాని వెనుక పదమూడేళ్ల క్రితం తండ్రి పలికిన మాట ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి.

1942లో మొదలైన ఆ చదువు 1950లో పూర్తయింది. ఎనిమిదేళ్లు! పాస్టర్‌గారి అబ్బాయి ఎట్టకేలకు డాక్టర్ తాలిమెరెన్ ఆవో అయ్యాడు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు బంగారు పతకం గెలిచింది. శైలేన్ మన్నా కెప్టెన్‌గా ఉన్న ఆ జట్టులో ఆవో లేడు. లండన్‌లో ఓటమి భారం మోసినవాడికి ఢిల్లీ పతకంలో వాటా దక్కలేదు.

డిబ్రూగఢ్‌లోని అస్సాం మెడికల్ కాలేజీలో చెవి, ముక్కు, గొంతు విభాగంలో కొంతకాలం పనిచేశాక, ఆయన తన కొండలకు తిరిగి వచ్చి కొహిమా ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుడిగా చేరారు. అది సుఖమైన ఉద్యోగం కాదు. 1950ల్లో నాగా కొండలు సాయుధ పోరాటంతో, సైనిక చర్యలతో అట్టుడికిపోయాయి. భారతదేశపు జెండా మోసిన ఒక నాగా బిడ్డ, దేశానికీ తన ప్రజలకూ మధ్య తుపాకులు మోగుతున్న కాలంలో, రోగుల మధ్య నిలిచి పనిచేశాడు. మైదానంలో దేశం కోసం ఆడడం ఒక ఎత్తు. గాయపడిన సొంత నేలపై దేశం పేరున ఉన్న ఆసుపత్రిలో నాడి పట్టి చూడడం మరో ఎత్తు. ఆ రెండోదానికి చప్పట్లు ఉండవు.

1963లో నాగాలాండ్ రాష్ట్రం ఏర్పడింది. డాక్టర్ ఆవో ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖకు డైరెక్టర్‌గా ఎదిగి 1978లో ఉద్యోగ విరమణ చేశారు. 1998 సెప్టెంబరు 13న, ఎనభై ఏళ్ల వయసులో ప్రభువునందు నిద్రించారు. కాటన్ కాలేజీలోని ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఈశాన్య రాష్ట్రాల ఫుట్‌బాల్ జట్లు ఆయన పేరిట ట్రోఫీకి పోటీపడ్డాయి. కానీ టైఫాయిడ్‌తో చనిపోతూ సుబొంగ్‌వతిగారు అడిగింది స్టేడియం కాదు, ట్రోఫీ కాదు. అడిగింది తన ప్రజలకు ఒక డాక్టర్‌ను. దేవుడు ఆ కోరికను మన్నించాడు.

మత్తయి 25వ అధ్యాయంలోని తలాంతుల ఉపమానాన్ని మనం ఎన్నిసార్లో విన్నాం. యజమాని ఇచ్చింది సేవకుడి సొత్తు కాదు, అప్పగింత మాత్రమే. ఒకే తలాంతు పొందినవాడు భయపడి పాతిపెట్టాడు. కొందరు మరో పొరపాటు చేస్తారు. పాతిపెట్టరు గానీ, యజమానిని మరచి ఆ తలాంతునే పూజిస్తారు. డాక్టర్ ఆవో ఈ రెండూ చేయలేదు. ఆట దేవుడిచ్చిన వరమని దాచలేదు, నిండుగా ఆడాడు. సమయం వచ్చినప్పుడు ఆ వరాన్నే పక్కన పెట్టి, అప్పగించిన పనికి వెళ్లాడు.

ఈ రోజు మన పిల్లల్లో ఆడేవారున్నారు, పాడేవారున్నారు, విదేశాల్లో పెద్ద చదువులు చదివేవారున్నారు. తల్లిదండ్రులారా, వాళ్ల నుంచి మనం ఏమి కోరుతున్నాం? పెద్ద జీతమా, నలుగురిలో పేరా? మన చివరి మాటగా వాళ్ల చెవిలో పడేది ఏమిటి? యౌవనులారా, మీకు చప్పట్లు మోగుతున్న వేళ ఎవరి మాట గుర్తుకొస్తోంది? మన ఊళ్లలో ఇప్పటికీ డాక్టర్ లేని పల్లెలున్నాయి, టీచర్ నిలవని బడులున్నాయి, కాపరి లేని సంఘాలున్నాయి. అక్కడికి పంపడానికి ప్రభువు ఇప్పటికీ మనుషుల కోసం చూస్తున్నాడు. ఆయన పిలుపు విని ఏ స్థానంలోనైనా ఆడగల మనస్సును దేవుడు మనకూ మన పిల్లలకూ అనుగ్రహించును గాక. ఆమెన్.