రెల్లుగడ్డి చుట్టరికం కనిపెట్టిన జానకి అమ్మాళ్

మా ఇంటి కప్పు రెల్లుగడ్డి. ఏటా అమ్మమ్మా నేనూ వాగు ఒడ్డుకి పోయి కోసుకొస్తాం. ఆకు అంచు తగిలిందంటే వేళ్ళు తెగుతాయి. ఆ గడ్డి చెరకుకి చుట్టమని నాకు ఈ ఏడే తెలిసింది. ఆ చుట్టరికం మీద పనిచేసిన జానకి అమ్మాళ్ గారి గురించి రాస్తున్నాను.

ఆవిడ 1897లో కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. నాన్నగారు సబ్ జడ్జి. వాళ్ళది తియ్య కులం. ఆ కులాన్ని అప్పట్లో తక్కువగా చూసేవారు. మద్రాసులో వృక్షశాస్త్రం చదివి, కాలేజీలో పాఠాలు చెప్పారు. ఇంట్లో బావతో పెళ్ళి అనుకున్నారు. ఇంతలో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్ వచ్చింది. ఆవిడ పెళ్ళి మానుకుని వెళ్ళిపోయారు. 1931లో డాక్టరేట్ తీసుకున్నారు. మరి పెళ్ళి చేసుకోలేదు. (ఈ పేజీ నేను రెండుసార్లు చదివాను. మొన్న వేసవిలో మా ఇంట్లో కూడా బావ మాట వచ్చింది. పదో తరగతి అయ్యేదాకా ఆ ఊసు వద్దని అమ్మమ్మ ఒక్కతే అడ్డుపడింది.)

1934లో ఆవిడ కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చేరారు. రెల్లులో తీపి లేదు గానీ గట్టి ప్రాణం. దాన్నీ, ఇంకా వేరే గడ్డి మొక్కల్నీ, ఆఖరికి మొక్కజొన్ననీ చెరకుతో కలిపి చూశారు. అసలు చిక్కు ఏంటంటే, పుట్టిన మొక్క నిజంగా సంకరమా కాదా అన్నది పైకి చూస్తే తెలియదు. లోపల క్రోమోజోములు లెక్కపెట్టాలి. మనం తినే పాతరకం లావు చెరకులో 80 ఉంటాయి. రెల్లులో మొక్కని బట్టి 40 నుంచి 128 దాకా ఉంటాయి.

1939లో ఇంగ్లండు వెళ్తే యుద్ధం వచ్చింది, అక్కడే ఉండిపోయారు. బాంబులు పడుతున్నా పని ఆపలేదు. 1945లో డార్లింగ్టన్ గారితో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల పుస్తకం రాశారు. తర్వాత విస్లీ తోటలో మాగ్నోలియా మొలకలకి కాల్చిసిన్ అనే మందు పెట్టారు. అది క్రోమోజోముల్ని రెట్టింపు చేస్తుంది. (మన అడవిలో అగ్నిశిఖ దుంపలో ఉండే విషం కూడా అదే. ఎవరూ ముట్టుకోకండి!) అలా రెట్టింపైన మొక్కకి మామూలుగా ఆకు మందంగా ఉంటుంది, పత్రరంధ్రాలు పెద్దవవుతాయి. అందుకే ముందు ఆకు పొర చూసి అనుమానపడతారు, తర్వాత క్రోమోజోములు లెక్కపెట్టి తేల్చుకుంటారు. ఆవిడ పేరుతో ఇప్పటికీ ఒక తెల్ల మాగ్నోలియా ఉంది.

1951లో నెహ్రూ గారు పిలిస్తే మన దేశం వచ్చి, బొటానికల్ సర్వేని సరిచేసే పని చేశారు. ఈశాన్య కొండల్లో చైనా వైపు మొక్కలు, మలయా వైపు మొక్కలు, అక్కడివి కలిసి, మనిషి చెయ్యి పడకుండానే సంకరాలు పుట్టాయని చెప్పారు. కొండజనం వాడే మందుమొక్కలు కూడా సేకరించారు. ముసలితనంలో కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే డ్యామ్ వద్దని నిలబడ్డారు. 1984 ఫిబ్రవరిలో చనిపోయారు. అదే ఏడు నవంబరులో ఆ అడవి నేషనల్ పార్కు అయింది. ఆవిడ చూడలేదు.

మా అమ్మమ్మ ఆకు నలిపి వాసన చూసి పేరు చెప్పేస్తుంది. నాకు లోపల కూడా చూడాలనుంది. రెల్లు ఆకు, చెరకు ఆకు తెచ్చి నీళ్ళలో వేసి ఉంచాను. శనివారం సైన్స్ టీచరు గారు మైక్రోస్కోప్ తీస్తామన్నారు. చూడాలనుకున్నవాళ్ళు నాకు పేరివ్వండి.